పొరుగు కాలేజీల పోటీ: సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్, 1914–1996

1914 డిసెంబరు 8న హ్యూస్టన్ నగరంలోని రైస్ హోటల్లో ఎనిమిది కాలేజీల ప్రతినిధులు కూర్చుని ఒక క్రీడా సంఘానికి ప్రాణం పోశారు. వాటిలో ఐదు టెక్సస్ రాష్ట్రానివి: ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయం, టెక్సస్ ఏ అండ్ ఎం, బేలర్, రైస్, సౌత్‌వెస్టర్న్. రెండు ఓక్లహోమావి, ఒకటి ఆర్కాన్సాది. సంఘం పేరు సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్. దీనికి పూనుకున్నవాడు ఎల్. థియో బెల్‌మాంట్. హ్యూస్టన్ వైఎంసీఏలో పనిచేసి, 1913లో టెక్సస్ విశ్వవిద్యాలయం క్రీడా విభాగానికి అధిపతిగా వచ్చాడు. వచ్చిన మరుసటి ఏడు మే నెలలోనే చుట్టుపక్కల కాలేజీలను డాలస్‌లో ఒకసారి సమావేశపరిచాడు. ఆ చర్చ డిసెంబరుకి ఒప్పందంగా మారింది.

అంత తొందర దేనికన్నది తెలియాలంటే అప్పటి కాలేజీ ఆటల తీరు తెలియాలి. ఫలానా జట్టులో ఆడేవాడు ఆ కాలేజీ విద్యార్థేనన్న నమ్మకం లేదు. బలిష్ఠుడైన కుర్రవాడు ఈ ఏడు ఒక కాలేజీకి, వచ్చే ఏడు ఇంకో కాలేజీకి ఆడేవాడు. తరగతి గది ముఖం చూడనివాళ్లూ ఉండేవారు. ఓడిన కాలేజీ గెలిచిన కాలేజీ మీద నింద వేసేది. తీర్పు చెప్పే పెద్ద ఎవరూ లేరు. ఎవరు ఆడవచ్చు, ఎవరు ఆడకూడదు అన్న నియమం అందరికీ ఒకటే కావాలి. ఏటా ఒక విజేతను తేల్చాలి. కాన్ఫరెన్స్ పుట్టింది ఇందుకు. ఒకరినొకరు నమ్మనివాళ్లు ఒకే కాగితం మీద సంతకాలు పెట్టడం అన్న ఆ తొలి లక్షణం ఈ సంఘాన్ని చివరిదాకా వదల్లేదు. దాని కథంతా ఆ అపనమ్మకం చుట్టూనే నడిచింది.

మన విశ్వవిద్యాలయాల క్రీడలతో దీన్ని పోల్చుకుంటే తప్పుదారి పడతాం. ఉస్మానియాకో ఆంధ్రాకో ఆడే జట్టు అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు రైలెక్కి వెళ్తుంది, గెలిస్తే పత్రికల్లో లోపలి పేజీలో నాలుగు వాక్యాలు వస్తాయి. టెక్సస్‌లో పరిస్థితి వేరు. పెద్ద నగరాల్లో వృత్తి జట్లు లేని రోజుల్లో కాలేజీ జట్టే ఊరి జట్టు, చర్చి జట్టు, కులదైవం లాంటి జట్టు. బేలర్ బాప్టిస్టులది, సదరన్ మెథడిస్ట్ పేరులోనే ఉన్నట్టు మెథడిస్టులది, టెక్సస్ క్రిస్టియన్ డిసైపుల్స్ శాఖది. ఏ అండ్ ఎం సైనిక శిక్షణతో నడిచే మగపిల్లల కాలేజీ, రైతు కుటుంబాల చదువులకు ఆసరా. రైస్ ఒక పత్తి వర్తకుడి ఆస్తితో 1912లో తలుపులు తెరిచింది, 1965 దాకా విద్యార్థుల నుంచి జీతం తీసుకోలేదు. వీటన్నిటి మీదా పెద్దన్నలా ఆస్టిన్ విశ్వవిద్యాలయం. ఆ పెద్దరికం మిగతావాళ్లకు ఎన్నడూ గిట్టలేదు.

సభ్యత్వం మొదట్లో నిలకడగా లేదు. సౌత్‌వెస్టర్న్ తొందరలోనే తప్పుకుంది. 1918లో సదరన్ మెథడిస్ట్, 1923లో టెక్సస్ క్రిస్టియన్ చేరాయి. ఓక్లహోమా కాలేజీలు రెండూ 1925 నాటికి వెళ్లిపోయాయి. ఆ తర్వాత మిగిలింది టెక్సస్ కాలేజీలు ఆరు, కొండల మధ్య ఫాయెట్‌విల్‌లో ఉన్న ఆర్కాన్సా ఒక్కటి. ఓక్లహోమా పోవడంతో ఇది దాదాపు ఒక్క రాష్ట్రపు సంఘమైంది. అప్పుడు అదొక లోటని ఎవరికీ తోచలేదు. డెబ్భై ఏళ్ల తర్వాత అదే దాని ప్రాణం మీదికి తెచ్చింది.

పొరుగువాళ్ల పోటీలో ఎంత ప్రేమ ఉంటుందో అంత పగా ఉంటుంది. 1926 అక్టోబరులో వేకో పట్టణంలో బేలర్‌కూ ఏ అండ్ ఎంకూ ఫుట్‌బాల్ ఆట జరుగుతుండగా విరామ సమయంలో కొట్లాట రేగింది. తలకు దెబ్బ తగిలిన ఒక ఏ అండ్ ఎం విద్యార్థి మర్నాడు చనిపోయాడు. రెండు కాలేజీలూ ఆటలు మానుకున్నాయి, 1931 దాకా ముఖాముఖి తలపడలేదు. ఆ గాయం పచ్చిగా ఉండగానే, 1927 జనవరి 22న బేలర్ బాస్కెట్‌బాల్ జట్టు ఆస్టిన్‌లో ఆడటానికి బస్సులో బయల్దేరింది. చినుకులు పడుతున్నాయి. రౌండ్ రాక్ అనే ఊళ్లో రైలు పట్టాలు దాటుతుండగా రైలు బస్సును ఢీకొట్టింది. పదిమంది చనిపోయారు. వాళ్లలో ఏబ్ కెల్లీ అనే కుర్రవాడు ఆఖరి క్షణంలో తన స్నేహితుణ్ణి కిటికీలోంచి బయటికి నెట్టి తాను లోపల మిగిలిపోయాడు. బేలర్‌లో ఇప్పటికీ ఏటా కొత్తగా చేరిన విద్యార్థులను కూర్చోబెట్టి ఆ పదిమంది పేర్లూ చెబుతారు. ఒక కాన్ఫరెన్స్ చరిత్రను కప్పులతో, అంకెలతో రాసేవాళ్లు ఇలాంటివి ఒక పక్కన పెడతారు. ఆ ప్రాంతపు మనుషులకు ఆ జట్లు ఏమవుతాయో తెలియాలంటే మొదట చదవాల్సింది ఇవే.

అన్ని ఆటలనూ నడిపించిన ఆట అమెరికన్ ఫుట్‌బాల్. కాళ్లతో ఆడే మన ఫుట్‌బాల్ కాదిది. కోలగా ఉండే బంతిని చేతబట్టి పరుగెత్తుతూ, విసురుతూ ఆడేది. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి, లేకపోతే బంతి ఎదుటివాళ్లదవుతుంది. అందుకే నాలుగో ప్రయత్నం వచ్చేసరికి సాధారణంగా బంతిని దూరంగా తన్ని వదిలించుకుంటారు. దేశంలో మిగతాచోట్ల జట్లు బంతిని పట్టుకుని గుంపుగా తోసుకుపోయే ఆట ఆడుతుంటే, టెక్సస్ కాలేజీలు 1930లలో బంతిని గాల్లోకి విసిరే ఆటను పెంచాయి. సన్నటి పొడగరి సామీ బా అందులో అందరికన్నా మిన్న. అతనిది టెక్సస్ క్రిస్టియన్.

1935 నవంబరు 30న ఫోర్ట్‌వర్త్‌లో టెక్సస్ క్రిస్టియన్, సదరన్ మెథడిస్ట్ ఎదురుపడ్డాయి. అప్పటిదాకా రెండూ ఓటమి ఎరగవు. గెలిచినవాళ్లకు కాలిఫోర్నియాలో జరిగే పేరున్న పోటీ రోజ్ బౌల్ ఆడే అవకాశం. దేశమంతా రేడియోలో విన్నది. చివరి భాగంలో 14–14. సదరన్ మెథడిస్ట్‌కు నాలుగో ప్రయత్నం. ఆటగాళ్లు బంతిని తన్నే వరుసలో నిలబడ్డారు, ఎదుటివాళ్లు అదే అనుకున్నారు. బాబ్ ఫిన్లీ తన్నలేదు, గురిచూసి విసిరాడు. బాబీ విల్సన్ పరుగు మీద వెనక్కి తిరిగి, ఎగిరి దాన్ని అందుకుని గీత దాటాడు. 20–14. ఆ ఒక్క బంతితో దక్షిణ, పశ్చిమ కాలేజీల ఆటను చిన్నచూపు చూసిన తూర్పు తీరపు పత్రికలు టెక్సస్ వైపు తిరిగాయి. తర్వాత రోజ్ బౌల్‌లో సదరన్ మెథడిస్ట్ 7–0తో ఓడింది, అది వేరే సంగతి. కాలిఫోర్నియాకు పోయినంత డబ్బూ పేరూ మన ఊళ్లోనే ఎందుకు రాకూడదని కర్టిస్ శాన్‌ఫర్డ్ అనే చమురు వ్యాపారికి తోచింది. 1937 జనవరి 1న డాలస్‌లో తొలి కాటన్ బౌల్ జరిగింది. కొన్నేళ్లకే కాన్ఫరెన్స్ విజేతకు అందులో స్థానం ఖాయమైంది. 1938లో టెక్సస్ క్రిస్టియన్, 1939లో ఏ అండ్ ఎం దేశ విజేతలు. వరసగా రెండేళ్లు! యుద్ధం తర్వాత సదరన్ మెథడిస్ట్‌లో డోక్ వాకర్ వచ్చాడు. అతన్ని చూడటానికి వచ్చే జనం పట్టక కాటన్ బౌల్ స్టేడియాన్ని పెంచాల్సి వచ్చింది.

ఈ వైభవంలో చిన్న కాలేజీల స్థానం గురించి ఒక మాట చెప్పుకోవాలి. రెండు మూడు వేలమంది విద్యార్థులైనా లేని రైస్, 1950లో డెబ్భైవేలమంది పట్టే స్టేడియం కట్టుకుంది. 1962 సెప్టెంబరు 12న అధ్యక్షుడు కెనడీ చంద్రుడి మీదికి మనిషిని పంపుతామని ప్రసంగించింది ఆ స్టేడియంలోనే. ఎత్తయిన శిఖరాలు ఎందుకెక్కాలి, సముద్రాల మీదుగా ఎందుకు ఎగరాలి అంటూ, రైస్ టెక్సస్‌తో ఎందుకు ఆడుతుంది అని కూడా అడిగాడు. టైపు చేసిన ప్రతిలో ఆ ప్రశ్న లేదు, తన చేత్తో రాసుకుని కలిపాడు. జనం ఘొల్లున నవ్వారు, చప్పట్లు కొట్టారు. ఆరు వారాలు తిరిగేసరికి అదే మైదానంలో, దేశంలో మొదటి స్థానంలో ఉన్న టెక్సస్‌ను రైస్ 14–14తో నిలువరించింది. చిన్న కాలేజీ పెద్ద కాలేజీ ముందు ఏటా నిలబడాలి, ఎప్పుడో ఒకప్పుడు పడగొట్టాలి. ఈ ఒప్పందంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది అదే.

ఇక దీని పెద్ద తప్పు. యాభై ఏళ్లకు పైగా ఈ కాన్ఫరెన్స్ కాలేజీల తరఫున నల్లజాతి ఆటగాడెవరూ ఫుట్‌బాల్ మైదానంలో అడుగుపెట్టలేదు. నియమావళిలో రాసుకున్నా రాసుకోకపోయినా ఫలితం ఒకటే. 1920లో అదే హ్యూస్టన్ నగరంలో నల్లజాతి కాలేజీల పెద్దలు కూర్చుని సౌత్‌వెస్టర్న్ అథ్లెటిక్ కాన్ఫరెన్స్ స్థాపించుకున్నారు. ప్రేరీ వ్యూ, వైలీ, బిషప్, పాల్ క్విన్, శామ్యూల్ హ్యూస్టన్, టెక్సస్ కాలేజీ తొలి సభ్యులు. ఒకే రాష్ట్రం, ఒకే ఆట, పేరు కూడా దాదాపు ఒకటే, మధ్యలో మాత్రం దాటరాని గోడ. దేశ విజేతలమని 1938లో, 1939లో చెప్పుకున్న జట్లు సొంత రాష్ట్రంలోనే ఎందరు మంచి ఆటగాళ్లను ఎదుర్కోకుండా గెలిచాయో ఆ గోడకే తెలుసు. బ్యూమాంట్ కుర్రవాడు బబ్బా స్మిత్ ఎక్కడో ఉత్తరాన మిచిగన్ స్టేట్‌కు పోయి పేరు తెచ్చుకున్నాడు. కెన్ హ్యూస్టన్, ఓటిస్ టేలర్ ప్రేరీ వ్యూలో చదివి వృత్తి ఫుట్‌బాల్‌లో మేటి ఆటగాళ్లయ్యారు.

1950లో హెమాన్ స్వెట్ కేసులో సుప్రీం కోర్టు తీర్పుతో టెక్సస్ లా కాలేజీ తలుపులు తెరుచుకున్నాయి. 1956లో నల్లజాతి విద్యార్థులు డిగ్రీ తరగతుల్లోకీ వచ్చారు. అయినా జట్లలోకి రానివ్వలేదు. ఆ నిషేధాన్ని విశ్వవిద్యాలయ పాలకులు ఎత్తేసింది 1963 నవంబరులో. కాగితం మీద ఎత్తేయడం వేరు, ఆటగాణ్ణి పిలిచి జట్టులో నిలబెట్టడం వేరు. ఆ రెండో పని మొదట చేసింది చర్చి కాలేజీలు. 1966 సెప్టెంబరు 10న బేలర్ తరఫున జాన్ వెస్ట్‌బ్రుక్ మైదానంలోకి దిగాడు. స్కాలర్‌షిప్ లేకుండా సొంతంగా ప్రయత్నించి జట్టులో చోటు సంపాదించినవాడు, అప్పటికే చర్చిలో బోధకుడు. వారం తిరిగేసరికి సదరన్ మెథడిస్ట్ తరఫున జెర్రీ లెవాయస్ ఆడాడు. అతను కోచ్ హేడెన్ ఫ్రై పిలిచి స్కాలర్‌షిప్ ఇచ్చి తెచ్చుకున్న ఆటగాడు, బబ్బా స్మిత్ ఊరివాడే. అదే ఏడు టెక్సస్ క్రిస్టియన్‌లో జేమ్స్ క్యాష్ బాస్కెట్‌బాల్ ఆడాడు. ఆయన తర్వాతి రోజుల్లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో ఆచార్యుడయ్యాడు.

లెవాయస్ అనుభవించింది చదువుతుంటే గుండె బరువెక్కుతుంది. చంపుతామని ఉత్తరాలు వచ్చేవి. ఫోర్ట్‌వర్త్‌లో ఆడేరోజు తుపాకీ గురిపెడతామన్న బెదిరింపు మధ్య ఆడాడు. వసతిగృహంలో ఒంటరితనం సరేసరి. 1968లో టెక్సస్ క్రిస్టియన్‌తో ఆడుతుండగా ఎదుటి ఆటగాడొకడు అతని ముఖం మీద ఉమ్మేశాడు. లెవాయస్ శిరస్త్రాణం విసిరికొట్టి బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. కోచ్ పక్కకొచ్చి కూర్చుని మాట్లాడాడు. కాసేపటికి ఎదుటివాళ్లు బంతిని తన్నే వంతు వచ్చింది. లెవాయస్ లేచి మైదానంలోకి పోయి, దూరంగా పడ్డ బంతిని అందుకుని 89 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. అతను ప్రధాన జట్టుకు ఆడిన తొలి ఏడాదే సదరన్ మెథడిస్ట్ 1948 తర్వాత మొదటిసారి కాన్ఫరెన్స్ గెలిచింది. గోడ కట్టినవాళ్లు తమ జట్లనే నష్టపరుచుకున్నారనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఆ తర్వాత మూడేళ్లకు, 1969 డిసెంబరు 6న, ఈ కాన్ఫరెన్స్ ఆటల్లోకెల్లా పేరుమోసిన ఆట ఫాయెట్‌విల్‌లో జరిగింది. దేశంలో మొదటి స్థానం టెక్సస్‌ది, రెండో స్థానం ఆర్కాన్సాది. టీవీ సంస్థ కోరిక మీద ఆ ఆటను అక్టోబరు నుంచి డిసెంబరుకు జరిపారు. అధ్యక్షుడు నిక్సన్ హెలికాప్టర్‌లో దిగాడు. మూడు భాగాలు ముగిసేసరికి ఆర్కాన్సా 14, టెక్సస్ సున్నా. నాలుగో భాగంలో టెక్సస్ ఎనిమిది పాయింట్లు తెచ్చుకుంది. ఆపైన ఒక నాలుగో ప్రయత్నంలో, కావలసింది మూడు గజాలే అయినా, కోచ్ డారెల్ రాయల్ దూరపు విసురుకు తెగించాడు. జేమ్స్ స్ట్రీట్ విసిరిన బంతి ఇద్దరు కాపలాదార్ల మధ్య నుంచి రాండీ పెషెల్ చేతుల్లో పడింది. చివరికి 15–14తో టెక్సస్ గెలిచింది. ఆట గొప్పది, సందేహం లేదు. ఆ రోజు మైదానంలో రెండు జట్లలోనూ నల్లజాతి ఆటగాడు ఒక్కడూ లేడన్నదీ అంతే నిజం. నల్లజాతి ఆటగాళ్లు లేకుండా దేశ విజేత అయిన జట్లలో అందరి గుర్తింపూ పొందిన ఆఖరి జట్టు ఆ ఏటి టెక్సస్. జూలియస్ విట్టియర్ అప్పటికే కాలేజీలో చేరి ఉన్నాడు, ప్రథమ సంవత్సరం విద్యార్థి గనక ప్రధాన జట్టులో ఆడే వీల్లేదు. 1970లో ఆడాడు. ఇంకో ఏడేళ్లకు, టైలర్ ఊరి గులాబీ తోటల్లో పనిచేసిన కుటుంబం నుంచి వచ్చిన ఎర్ల్ క్యాంప్‌బెల్ అదే టెక్సస్ జట్టుకు ఆడి దేశంలో ఉత్తమ ఆటగాడిగా హైస్మన్ ట్రోఫీ అందుకున్నాడు.

ఫుట్‌బాల్ గురించి ఇంత చెప్పాక మిగతా ఆటల మాట క్లుప్తంగా చెబితే వాటికి అన్యాయమే. ఆస్టిన్‌లో పాత బేస్‌బాల్ మైదానం క్లార్క్ ఫీల్డ్ నడిమి భాగంలో నిలువెత్తు సున్నపురాతి గట్టు ఉండేది. దాన్ని మేకల కొండ అనేవారు. బంతి ఆ గట్టు మీద పడితే ఆట ఆగదు, పట్టుకునేవాడు ఎక్కి తెచ్చుకోవాల్సిందే. పరిచయం లేని జట్లు అక్కడ బిక్కమొహం వేసేవి. ఆ మైదానంలో పెరిగిన టెక్సస్ జట్టు 1949లో, 1950లో దేశ విజేత అయింది. ఏ అండ్ ఎంలో రాండీ మాట్సన్ 1965లో ఇనుప గుండును 70 అడుగులు దాటించాడు, ప్రపంచంలో అప్పటిదాకా ఎవరూ దాటించలేదు. 1968 ఒలింపిక్స్‌లో బంగారు పతకం అతనిదే. 1976లో ఈ కాన్ఫరెన్స్ ఫుట్‌బాల్‌లోకి అడుగుపెట్టిన హ్యూస్టన్ విశ్వవిద్యాలయం బాస్కెట్‌బాల్‌లో 1982 నుంచి 1984 దాకా వరసగా మూడేళ్లు దేశంలో ఆఖరి నాలుగు జట్లలో నిలిచింది. లేగోస్ నుంచి వచ్చిన ఒలాజువాన్, క్లైడ్ డ్రెక్స్‌లర్ ఆ జట్టువాళ్లు. కార్ల్ లూయిస్ హ్యూస్టన్‌లో, మైకేల్ జాన్సన్ బేలర్‌లో తయారయ్యారు. లాస్ ఏంజెలెస్, అట్లాంటా ఒలింపిక్స్ చూసిన మన తరానికి ఆ ఇద్దరి పేర్లూ పరిచయమే. వాళ్ల వెనక ఉన్న కాన్ఫరెన్స్ పేరే తెలియదు.

ఆడపిల్లల ఆటలను ఈ కాన్ఫరెన్స్ 1982లో గాని తన గొడుగు కిందికి తీసుకోలేదు. స్త్రీల పట్ల వివక్షను నిషేధించిన చట్టం వచ్చింది 1972లో, అంటే పదేళ్ల ఆలస్యం. ఇంత ఆలస్యంగా చేరినవాళ్లు కాన్ఫరెన్స్‌కు తెచ్చిన పేరు చూడండి. జోడీ కాన్‌రాట్ శిక్షణలో టెక్సస్ మహిళా బాస్కెట్‌బాల్ జట్టు 1986లో 34 ఆటలాడి 34 గెలిచింది. కాలేజీ ఆటల జాతీయ సంస్థ ఎన్‌సీఏఏ నడిపే పోటీల్లో ఓటమి లేకుండా విజేత అయిన తొలి మహిళా జట్టు అదే. ఆ ఆటలకు టికెట్ కొనుక్కుని వచ్చే జనం దేశంలో ఏ మహిళా జట్టుకూ రానంతగా వచ్చేవారు. ఇక 1993. లబ్బక్ పక్కన బ్రౌన్‌ఫీల్డ్ అనే చిన్న ఊరి అమ్మాయి షెరిల్ స్వూప్స్. మొదట ఆస్టిన్‌కు వెళ్లి, ఇంటి మీద బెంగతో రోజుల్లోనే తిరిగొచ్చి, ఆపైన ఇంటి దగ్గరున్న, అప్పటికి ఈ కాన్ఫరెన్స్‌లోనే ఉన్న టెక్సస్ టెక్‌లో చేరింది. ఆ ఏటి దేశ ఫైనల్లో ఒహాయో స్టేట్ మీద ఒక్కతే 47 పాయింట్లు చేసింది. అప్పటికి మగవాళ్ల ఫైనల్లో కూడా ఎవరూ అన్ని చేయలేదు. సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్ చివరి పదేళ్లను పతనకాలమని రాసే చరిత్రకారులు ఆ పదేళ్లలోనే ఇవి జరిగాయని గుర్తుంచుకోవాలి.

పతనం మాత్రం నిజమే. దానికి అందరూ చెప్పే కారణం లంచాలు. 1980లలో ఆటగాళ్లకు దొంగచాటుగా డబ్బులిచ్చిన సంగతులు ఒకదాని వెనక ఒకటి బయటపడ్డాయి. తొమ్మిది కాలేజీల్లో ఆర్కాన్సా, బేలర్, రైస్ తప్ప మిగతా ఆరింటి ఫుట్‌బాల్ జట్లకూ ఆ దశకంలో శిక్షలు పడ్డాయి. చమురు బాగా పలికిన రోజుల్లో డాలస్, హ్యూస్టన్ ధనవంతులైన పూర్వ విద్యార్థులకు తమ కాలేజీ పొరుగువాడి చేతిలో ఓడటం భరించరానిదైంది. ఆఫీసులో పక్క కుర్చీలో కూర్చునేవాడు ఎదుటి కాలేజీవాడాయె. కార్లు, కవర్లు, నెలనెలా జీతాలు. సదరన్ మెథడిస్ట్ అప్పటికే శిక్షలో ఉండి కూడా ఆటగాళ్లకిచ్చిన మాట ప్రకారం చెల్లింపులు సాగించింది. 1987 ఫిబ్రవరి 25న ఎన్‌సీఏఏ ఆ ఏటి ఫుట్‌బాల్‌ను పూర్తిగా రద్దు చేసింది. 1988లో కాలేజీయే మానుకుంది. ఎన్‌సీఏఏ శిక్ష వేసిన వారం తిరక్కుండా టెక్సస్ గవర్నర్ బిల్ క్లెమెంట్స్, తాను ఆ కాలేజీ పాలకమండలి అధ్యక్షుడిగా ఉన్నప్పుడు చెల్లింపులు ఆపకుండా నెమ్మదిగా తగ్గించాలని నిర్ణయించిన సంగతి ఒప్పుకున్నాడు. 1989లో కుర్రవాళ్లతో మళ్లీ మొదలుపెట్టిన ఆ జట్టును హ్యూస్టన్ 95–21తో ఓడించింది.

అయినా లంచాలే దీన్ని చంపాయంటే నేను ఒప్పుకోను. శిక్షలు పడ్డ సంఘాలు తర్వాత బతికి బట్టకట్టాయి. అసలు కారణం 1984 జూన్ 27న సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పు. అంతవరకు కాలేజీ ఫుట్‌బాల్‌ను టీవీలో ఎవరెన్నిసార్లు చూపాలో ఎన్‌సీఏఏ నిర్ణయించేది. ఓక్లహోమా, జార్జియా విశ్వవిద్యాలయాలు వేసిన దావాలో ఏడుగురు న్యాయమూర్తులు అది చట్టవిరుద్ధమన్నారు, ఇద్దరు విభేదించారు. ఆ ఇద్దరిలో బైరన్ వైట్ ఒకప్పుడు స్వయంగా పేరున్న కాలేజీ ఆటగాడు. చదువుకు అనుబంధంగా ఉండాల్సిన ఆటను ఈ తీర్పు పూర్తిగా సరుకు చేస్తుందని ఆయన భయం. తీర్పుతో ప్రసార హక్కులు కాలేజీల, కాన్ఫరెన్సుల చేతికొచ్చాయి. అప్పటినుంచి ఒక సంఘం విలువ స్టేడియం గేటు దగ్గర కాదు, దాని పరిధిలో ఎన్ని ఇళ్లలో టీవీలున్నాయన్న లెక్కతో తేలడం మొదలైంది. సౌత్‌వెస్ట్ పరిధి రెండు రాష్ట్రాలు. ఆగ్నేయంలో, మధ్యపశ్చిమంలో ఉన్న సంఘాలవి అంతకు మూడు నాలుగు రెట్లు. 1925లో ఓక్లహోమా పోయినప్పుడు పట్టని సంగతి ఇప్పుడు పీకల మీదికొచ్చింది. 1960 నుంచి డాలస్ కౌబాయ్స్, హ్యూస్టన్ ఆయిలర్స్ వంటి వృత్తి జట్లు రావడంతో నగరాల్లోని చిన్న కాలేజీల స్టేడియాలు అప్పటికే ఖాళీ అవుతున్నాయి. సగం నిండని మైదానాల్లో ఆడి వసూళ్లు పంచుకోవడం దేనికని పెద్ద కాలేజీలు గొణగసాగాయి.

1990 ఆగస్టు 1న ఆర్కాన్సా ఆగ్నేయ కాన్ఫరెన్స్‌లో చేరుతున్నట్టు ప్రకటించింది. దాంతో మిగిలింది ఒక్క రాష్ట్రం. 1994 ఫిబ్రవరిలో టెక్సస్, ఏ అండ్ ఎం, టెక్సస్ టెక్, బేలర్ నాలుగూ బిగ్ ఎయిట్ కాన్ఫరెన్స్‌తో కలిసి బిగ్ ట్వెల్వ్‌గా ఏర్పడటానికి సిద్ధపడ్డాయి. ఆ నాలుగింటిలోకి టెక్, బేలర్ రావడం వెనక రెండు కాలేజీల్లోనూ చదివిన లెఫ్టినెంట్ గవర్నర్ బాబ్ బుల్లక్ ఒత్తిడి ఉందని టెక్సస్‌లో గట్టిగా చెప్పుకుంటారు. రైస్, హ్యూస్టన్, టెక్సస్ క్రిస్టియన్, సదరన్ మెథడిస్ట్ బయట మిగిలాయి. ఆ ఏడు అక్టోబరులో రైస్ 1965 తర్వాత మొదటిసారి టెక్సస్‌ను 19–17తో ఓడించింది. మైదానంలో నెగ్గినా ఒరిగిందేమీ లేదు. అప్పటికే పంపకాలు అయిపోయాయి. 1995 డిసెంబరు 2న రైస్ స్టేడియంలో హ్యూస్టన్ 18–17తో రైస్‌ను ఓడించడంతో కాన్ఫరెన్స్ ఫుట్‌బాల్ ముగిసింది. 1996లో మిగతా ఆటలతో సహా అంతా మూతపడింది.

ఆ నాలుగు కాలేజీలూ తర్వాత తలోదారి పట్టాయి. టెక్సస్ క్రిస్టియన్‌కు బిగ్ ట్వెల్వ్‌లో చోటు దొరకడానికి 2012 దాకా పట్టింది, హ్యూస్టన్‌కు 2023 దాకా. డాలస్‌లోని సదరన్ మెథడిస్ట్ 2024లో అట్లాంటిక్ తీరపు కాన్ఫరెన్స్‌లో చేరింది, దాని పేరులోనే ఉంది అది ఎంత దూరమో. ఏ అండ్ ఎం 2012లో, టెక్సస్ 2024లో ఆగ్నేయ కాన్ఫరెన్స్‌కు వెళ్లాయి. ఆర్కాన్సా అక్కడ ముందే ఉంది. ఆ ముగ్గురు పాత శత్రువులూ మళ్లీ ఒకే సంఘంలో ఆడుతున్నారు. రైస్ మాత్రం టెక్సస్‌కు ఏటేటా ఎదురు నిలిచే రోజులు పోయాయి. చిన్నవాడికి పెద్దవాడితో తప్పనిసరి పోటీ కల్పించిన ఆ పాత ఏర్పాటును టీవీ డబ్బు చెరిపేసింది. నా తీర్పు ఇదే. సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్ తన మొదటి యాభై ఏళ్లలో నల్లజాతి ఆటగాళ్లను వెలివేసి సగం ప్రాంతానికే ప్రాతినిధ్యం వహించింది. తలుపులు తెరిచి నిజంగా ఆ ప్రాంతపు కాన్ఫరెన్స్‌గా మారిన ముప్పై ఏళ్లలోపే దాన్ని లెక్కల కోసం మూసేశారు.

దాని దస్తావేజులు లబ్బక్‌లో, టెక్సస్ టెక్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలోని సౌత్‌వెస్ట్ కలెక్షన్‌లో భద్రంగా ఉన్నాయి. ఫుట్‌బాల్ గురించి పుస్తకాలు కావలసినన్ని వచ్చాయి. మహిళా జట్ల గురించి, గోడకు అవతల ఆడిన ప్రేరీ వ్యూ, వైలీ కాలేజీల ఆటగాళ్ల గురించి, ఆ రెండు కాన్ఫరెన్సులనూ పక్కపక్కన పెట్టి రాయాల్సింది ఇంకా ఎంతో ఉంది. డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ చుట్టుపక్కల స్థిరపడ్డ తెలుగు కుటుంబాల పిల్లలు ఇప్పుడు ఈ కాలేజీల్లోనే చదువుతున్నారు, ఆ జట్ల రంగులు వేసుకుని స్టేడియాలకు వెళ్తున్నారు. వాళ్లలో చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్లు ఒకసారి లబ్బక్ వెళ్లి ఆ పెట్టెలు తెరిచి చూడాలి.